అద్దానికి చెప్పే జవాబు

లిస్బన్ నుంచి హెల్సింకి దాకా ప్రతి స్నానాలగదిలోనూ అద్దం పొద్దున్నే ఎవరి భాషలో వాళ్ళను అడుగుతుంది: "మీ ఇంట్లో అందరి ఆరోగ్యం ఎలా ఉంది?" జవాబు చెప్పందే కుళాయి నీళ్ళు వదలదు. యూరప్ ఆరోగ్య లెక్కలన్నీ అలాగే పోగవుతాయి.

భీమవరం నుంచి వచ్చి గెంట్ నగరంలో కాపురముంటున్న సీతారత్నం రోజూ ఒకటే చెప్పేది. "ఏదోనమ్మా, ఇలా ఉన్నాం."

బాగున్నామని నోటితో అంటే దిష్టి తగులుతుందని ఆమె భయం. అద్దానికి దిష్టి సంగతి తెలియదు. నలభై రోజులు విని, ఆ ఇంటిని జబ్బు ఇళ్ళ జాబితాలో చేర్చింది. ట్రాము నడిపే ఆమె భర్త గవర్రాజును పూర్తి జీతంతో ఇంట్లో కూర్చోబెట్టారు. అప్పటి నుంచి ఆయన వంటింట్లో కుర్చీ వేసుకుని, పులుసులో ఉప్పు గురించి సలహాలిస్తున్నాడు.

విచారణకు లెక్కల ఆఫీసు నుంచి మార్గ్రీట్ వచ్చింది. ఆమె కళ్ళ కింద నల్లటి చారలున్నాయి.

"ఒక్కసారి బాగున్నామని చెప్పండి. రేపే మీవారు పనిలో చేరతారు."

సీతారత్నం వంటింటి వైపు చూసి నిట్టూర్చింది. "నాకూ అదే కావాలమ్మా. కానీ అలా అన్నాక ఆయనకేమన్నా అయితే? అది సరే, మీరేంటి ఇలా చిక్కిపోయారు? సెలవివ్వరా?"

"నేను రోజూ చాలా బాగున్నాననే చెబుతాను. మా వాళ్ళకి అదే మర్యాద. ఇంక సెలవెవరిస్తారు?"

అనేశాక మార్గ్రీట్ పుస్తకం తెరిచింది.

"మీరు అద్దానికి చెప్పే మాట ఇంకోసారి చెప్పండి. కాస్త నెమ్మదిగా."

మర్నాటి నుంచి మార్గ్రీట్ కూడా అద్దానికి అదే చెప్పింది; నలభై రోజులకు సెలవు దొరికింది. అప్పటికి లెక్కల ఆఫీసంతా ఏదో ఇలా ఉంది.