జాన్ గారి పిల్లలు

కొత్తపేటలో బుల్లిరాజు కట్టించిన కొత్త మేడ పై వాటాలోకి జాన్సన్ దొర దిగుతున్నాడన్న వార్త ఊరంతా తిరిగొచ్చింది. తిప్పింది బుల్లిరాజే.

యుద్ధం అయిపోయిన ఏడాది అది. దొర కాలవల ఇంజనీరు. కుర్రవాడు, తెలుగు బాగానే వచ్చు. వచ్చే నెల పెళ్ళి చేసుకుని ఇక్కడే కాపురం పెడతానన్నాడు. నెత్తిమీద దొర కాపురముంటే ఊళ్ళో ఇక తనని ‘ఒరే’ అనే మొగాడుండడని బుల్లిరాజు ఆశ. వేసిన సున్నం మీదే మళ్ళీ సున్నం వేయించాడు.

సరిగ్గా అప్పుడు పెళ్ళికూతురి పేరు తెలిసింది. అమలాపురంలో నర్సు. మిస్ జాన్సన్.

“ఇద్దరిదీ ఒకటే ఇంటిపేరా!” బుల్లిరాజు అక్క వీరాయమ్మ చేతిలో చేట కింద పడేసింది. “హవ్వ! అన్నాచెల్లెళ్ళు కదరా వాళ్ళు! అలాంటి కాపురం మన గడపలోనా? వీల్లేదంటే వీల్లేదు.”

ఆ ఇంట్లో వీరాయమ్మ మాటంటే మాటే. బుల్లిరాజు భార్య బంగారమ్మ కూడా ఆవిడ వెనకాలే నిలబడి బుగ్గలు నొక్కుకుంది.

బుల్లిరాజు అప్పటికే ఊరంతా చెప్పుకున్నాడాయె! హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే గంగాధరరావు మాస్టారిని ఉన్నపళంగా ఇంటికి లాక్కొచ్చాడు.

“ఇందులో కంగారేముందండీ? జాన్సన్ అంటే జాన్ కొడుకని అర్థం,” అన్నారు మాస్టారు.

“మరి ఆ పిల్లో?”

“ఆవిడా జాన్ కొడుకేనండీ. అంటే... పేరు వరకూ.”

వీరాయమ్మ చెవులు మూసుకుంది. “ఇంటిపేరే అనుకున్నాను, తండ్రి కూడా ఒక్కడేనా! శివశివా!”

“అది కాదు వీరాయమ్మ గారూ. ఎప్పుడో వందల ఏళ్ళ నాటి జాన్ లెండి. మనకి వీధికో అబ్బులున్నట్టు అక్కడ వీధికో జాన్. ఎవరి జాన్ వాళ్ళదేనండీ.”

“వేరువేరని మీకెలా తెలుసండీ? మీరు చూసేరా?”

మాస్టారు చూడలేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

ఆదివారం దొర, మిస్సమ్మ మేడ చూడ్డానికి వచ్చారు. బుల్లిరాజు కొబ్బరి బొండాలు కొట్టించి ఇచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“ఓ మనవండీ. అమ్మాయి గారిని మాకు దత్తతిచ్చెయ్యండి. మా ఇంటిపేరు వచ్చేస్తాది. వరస దోషం పోద్ది. పీటల మీద నేనూ మా ఆవిడా కూర్చుని కన్యాదానం చేసేస్తాం. మాలో అలాగే చేస్తారండీ. ఆయ్.”

విషయం అర్థమయ్యాక దొర కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. మిస్సమ్మకి బొండం నీళ్ళు పొలమారాయి.

“మా రెండు కుటుంబాలకీ ఏడేడు తరాల్లో చుట్టరికం లేదు,” అని దొర ఒట్టేసి చెప్పాడు. “సొంత రక్తంలో పెళ్ళంటే మాకూ మహాపాపమేనండీ. అలాంటి ఇంట్లో మేం మంచినీళ్ళు కూడా ముట్టం.”

వీరాయమ్మ మొహం చాటంత అయింది. “అదీ మాట! పాపభీతి ఉన్న పిల్లలు నాయనా,” అంటూ మేడ తాళంచెవి తనే తీసి దొర చేతిలో పెట్టింది. బుల్లిరాజు ఆనందం పట్టలేక బంగారమ్మ చేత ఇంకో రెండు బొండాలు తెప్పించాడు.

మిస్సమ్మకి ఇల్లు నచ్చింది. మనుషులు ఇంకా నచ్చారు. బంగారమ్మ భుజం మీద చెయ్యి వేసి, “మీ ఇద్దరి పెళ్ళి ఎలా కుదిరింది?” అని ముచ్చటగా అడిగింది.

“పరాయి సంబంధం ఎందుకని మా అక్కయ్య తన కూతుర్నే నాకిచ్చి చేసిందండీ!” అని బుల్లిరాజు గర్వంగా చెప్పేసరికి, దొర బొండాన్నీ తాళంచెవినీ అరుగు మీద పెట్టేసి, మిస్సమ్మ చెయ్యి పట్టుకుని, వెనక్కి చూడకుండా వీధిలోకి దిగిపోయాడు.