బయటి తాళం

"అన్నా, ఒక్కసారి తలుపు తీయన్నా! నా బిడ్డ గుక్కపట్టి ఏడస్తా ఉంది," అంటూ ఎలిశబెతు మేస్త్రీ సంజీవరావు కాళ్ల దగ్గర కూలబడింది.

అల్లూరులోని ఆ కుట్టుషెడ్డుకు పొద్దున్నే బయటినుంచి తాళం పడుతుంది. లోపల పన్నెండుమంది ఆడవాళ్లు ఖాకీ చొక్కాలకు కాజాలు కుడతారు. మూడు నెలల బిడ్డను ఎత్తుకుని ఎలిశబెతు అత్త మధ్యాహ్నం నుంచి తలుపు అవతలే నిలబడి ఉంది. ఎలిశబెతు రవిక పాలతో తడిసిపోయింది.

"పోయి పని చూసుకో. కాజాలన్నీ అయ్యేదాకా తలుపు తీసేది లేదు," అన్నాడు సంజీవరావు, ఆమె వంక చూడకుండా.

"నీకు మాత్రం బిడ్డల్లేరా అన్నా? తలుపు సందులోంచి మా అత్తకు అందిస్తే పోయే తాళంచెవిని దగ్గర పెట్టుకుని మా ఉసురు పోసుకుంటా ఉండావే!"

సంజీవరావు లేచి, తన జేబులు రెండూ బయటికి లాగి చూపించాడు. చిన్న సుద్దముక్క ఒకటి కిందపడింది.

"చెవి నాకెప్పుడిచ్చినారమ్మా? మీతోపాటు నన్నూ లోపలేసి తాళం పెట్టుకుని పోతాడు యజమాని. ఆయన నెల్లూరు నుంచి తిరిగొస్తేనే నేనైనా ఇంటికి పొయ్యేది."

ఇన్నాళ్లూ తిట్టుకున్న మనిషి ముఖాన్ని ఎలిశబెతు అప్పుడే సరిగ్గా చూసింది. ఇంకెవర్ని బతిమాలాలో ఆమెకు తోచలేదు.

తలుపు సందులోంచి అత్త గొంతు వినిపించింది. "బిడ్డ సొమ్మసిల్లేట్టు ఉందే! ఇంటికి తీసుకుపోయి గంజితేట తాపిస్తా."

"అట్నే చెయ్యి అత్తా," అంది ఎలిశబెతు.

బిడ్డ ఏడుపు వీధి మలుపు తిరిగి వినిపించకుండా పోయేదాకా, ఆమె తలుపు చెక్కకు అరచెయ్యి ఆనించి నిలబడింది.