కేజీ రొయ్యలు

రొయ్యలు ఒలిచేవాళ్లకి ఇప్పుడు ప్రతి ఫ్యాక్టరీలోనూ కరెంటు గ్లౌజులు తప్పనిసరి. చెయ్యి నెమ్మదిస్తే చాలు, షాక్ కొడతాయి. రెండేళ్లు భరించి వీరవేణి పని మానేసింది. తన ఇష్టంతోనే మానేసిందంటూ దరఖాస్తులు చూసే మెషీన్ ఆమెకి నిరుద్యోగ భృతి తిరస్కరించింది. ఆమె అప్పీలు చేసుకుంది. అప్పీళ్లు మాత్రం ఇంకా మనుషులే వింటున్నారు.

"గ్లౌజుల రికార్డు చూశానమ్మా. చీమ కుట్టినట్టుంటుందంతే," అన్నాడు అధికారి. "అంతమాత్రానికి ఉద్యోగం మానేస్తారా?"

వీరవేణి సంచిలోంచి తన పాత గ్లౌజులూ, కేజీ రొయ్యలూ తీసి బల్ల మీద పెట్టింది.

"ఇయ్యి తొడుక్కుని ఈ కేజీ ఒలవండి బాబూ. ఆనక మీకెలా తోస్తే అలా రాసుకోండి."

అధికారి రెండు చేతులూ బల్ల కిందికి లాక్కున్నాడు.

ఆమె తన కుర్చీని బల్ల దగ్గరికి జరుపుకుంది.

"తొందరేం లేదండి. ఐసు వేసే తెచ్చాను."