నాయిన మొఖం

"ముక్కు గట్ల లేకుండె," అంది బిక్షమ్మ, మంచం మీద నుంచే.

తిరుమల చేతిలో బ్రష్ ఆగిపోయింది. పొద్దుటి నుంచి ప్రాణం పెట్టి దిద్దిన ముక్కు అది. చిన్న కత్తితో రంగంతా గీకేసి, టర్పెంటైన్‌లో ముంచిన గుడ్డతో తుడిచింది. కాన్వాస్ మీద నాయిన మళ్లీ ముక్కు లేని మనిషయ్యాడు.

"మరి ఎట్లుండె? జర సరిగ్గ చెప్పమ్మా."

"గింత లావు లేకుండె."

"నిన్న సన్నగున్నదని నువ్వే తుడిపిస్తివి గదనే."

"నీకింకా చెయ్యి తిరగలేదు బిడ్డా. దానికి నేనేం జెయ్యాలె?"

అదీ నిజమే. షాద్‌నగర్‌లో మందుల కంపెనీలో పని చేసుకుంటూ, ఆదివారాలు ఒక సారు దగ్గర నూనె రంగులు నేర్చుకుంటోంది తిరుమల. ముందు పలుచగా పూయాలి, అది ఆరాకే చిక్కటి రంగు ఎక్కించాలి అని ఆయన మొత్తుకుంటూనే ఉంటాడు. ఈమెకు ఆత్రం ఆగదు. తడి రంగు మీద మరో రంగు రుద్ది చెంపలను బురద చేసిపెడుతుంది. కిరాయి ఇల్లంతా ఒకటే వాసన.

ఆత్రం ఉండదా మరి, పోయిన పెద్దలకు పెట్టుకునే పెత్రమాస ముంచుకొస్తోంది. ఏటా ఆ రోజు బిక్షమ్మ ఆకులో అన్నీ వడ్డించి ఉత్త గోడకు దండం పెడుతుంది. తిరుమల కడుపులో ఉండగానే పోయిన ఆ మనిషికి ఒక్క ఫోటో కూడా లేదు. ఈ ఏడన్నా ఆ గోడ మీద నాయిన ఉండాలి. అమ్మ దండం పెట్టుకోవాలి, తను ఒక్కసారి ఆయన్ని కళ్లారా చూసుకోవాలి. ఈ పాట్లన్నీ అందుకే.

మళ్లీ దిద్దింది. ఈసారి ముక్కు ఊసే ఎత్తకుండా కనుబొమలు తప్పన్నది బిక్షమ్మ. అవి మారిస్తే దవడలు తప్పన్నది. తిరుమలకు తల ప్రాణం తోకకొచ్చింది. బ్రష్ విసిరికొట్టి చేతులు తుడుచుకుంది.

"నీతోని కాదు గాని, సాయిలు మామను పిలుస్త. నాయినతోని పనులకు పోయినోడే గదా. ఆయనే చెప్తడు."

బిక్షమ్మ గబుక్కున లేచి కూర్చుంది. "వద్దు."

"ఎందుకు?"

"వద్దంటె వద్దు. గీ బొమ్మ ముందటికి గా మనిషిని రానియ్యకు."

సాయిలు పండుగకూ పబ్బానికీ వచ్చి, అమ్మ చేతి వంట తిని పోయే మనిషే. ఇవ్వాళ ఆయన పేరెత్తితే అమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదెందుకు? నాయిన ముక్కు ఎట్లుందో ఇన్నాళ్లుగా తేల్చి చెప్పదెందుకు? రాకూడని ఆలోచన రానే వచ్చింది. అసలు తన ముక్కు ఎవరిది?

అడగకూడదనుకుంది. నోరు ఆగలేదు.

"అమ్మా, నా నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు. నేనెవరి బిడ్డను?"

బిక్షమ్మ బిత్తరపోయి కూతురి వైపు చూసింది. మాట అర్థమయ్యాక లాగి ఒక్కటిచ్చింది.

"నోట్ల మన్నువడ. మీ నాయిన బిడ్డవే. ఆయన ఉన్నప్పుడు గాని, పోయినంక గాని ఇంకో మొగోని దిక్కు తలెత్తి చూడలే నేను."

తిరుమలకు సిగ్గుతో ఏడుపొచ్చింది. చెంప పట్టుకునే అడిగింది. "మరి సాయిలు మామ ఎందుకు రావొద్దు?"

బిక్షమ్మ తడి ఆరని ఆ బొమ్మ వైపు చూస్తూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆయనొస్తె నేను దొరికిపోత బిడ్డా. మీ నాయిన మొఖం నేనెన్నడో మర్చిపోయిన. నువ్వు గీస్తాంటె, ఎక్కడన్న గుర్తువడ్తనేమోనని చూస్తున్న."