రెండో నారింజ

“తిరిల్ వెళ్ళిపోయిందా?”

కాఫీ తాగుతున్న టోర్గేర్ తలెత్తి అడిగాడు. నవంబరు నెల. ఆ ఏడు మొదటి మంచు గట్టిపడిన ఉదయం.

మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న రాగ్ని ఇటు తిరిగింది. వాళ్ళ కూతురు తిరిల్ పోయి ఎనిమిది నెలలైంది. మార్చిలో కొండ మీంచి మంచు విరిగిపడింది. శవపేటిక మోసిన ఆరుగురిలో ముందు నడిచింది టోర్గేరే.

“ఎక్కడికి?” అంది రాగ్ని.

“ఎక్కడికేమిటే! కొండ మీదికి. నాకోసం ఆగమన్నాను. ఆగితేగా? ఎప్పుడూ నాకంటే ముందుండాలి దానికి.”

రాగ్ని లేచి కూర్చుంది. నిజం చెబుదామని నోరు తెరిచింది. అతని మొహం చూసింది. ఆ కబురు మళ్ళీ కొత్తగా చెప్పాలి. ఆ మొహం మళ్ళీ ఆరిపోవడం చూడాలి.

“ఇప్పుడే వెళ్ళిందయ్యా,” అంది. “నువ్వు కాఫీ తాగి మెల్లిగా రా. నేను ముందెళ్ళి దాన్ని ఆపుతాను.”

అలా మొదలైంది.

అక్టోబరులోనే డాక్టరమ్మ ఇంటికొచ్చి చెప్పి వెళ్ళింది. “ఇలా కదలకుండా ఉంటే ఈ చలికాలం దాటడం కష్టం. దీనికి నా దగ్గర మందు లేదు. రోజూ మంచులో తిరగాలి. ఏదో ఒక లక్ష్యం ఉండాలి.”

లక్ష్యం అంటే మా ఊళ్ళో ఒకటే. కొండమీది గుడిసె గోడకి ఒక చెక్కపెట్టె ఉంది. అందులో నోటుపుస్తకం. ఎక్కినవాళ్ళు పేరు రాయాలి. ఈస్టర్ లోపల వందసార్లు రాస్తే ఆటల సంఘం వాళ్ళు పింగాణీ కప్పు ఇస్తారు. దానికోసం మా తాతయ్య ఒక చలికాలంలో మూడొందల రోజులు ఎక్కాడు. చలికాలానికి అన్ని రోజులెక్కడివంటారా? ఆ సంగతి మా తాతయ్యకి ఎవరూ చెప్పలేదు.

రాగ్ని రోజూ గంట ముందు బయలుదేరేది. మంచు మీద సాగడానికి కాళ్ళకి కూతురి నీలం స్కీలు వేసుకునేది. మే నెలలో మంచు కరిగాక దొరికిన స్కీలవి. వాటి సన్నటి జాడ చూసి కూతురిదేనని అతను పోల్చుకుంటాడని ఆశ. దగ్గర దారి చర్చి వెనకనుంచి పోతుంది. ఆమె ఆ దారి తొక్కేది కాదు. మార్చి తర్వాత ఆవైపు తల తిప్పి చూడలేదు. ఏటి వంపు చుట్టూ తిరిగి ఎక్కేది. పుస్తకం తీసి, కూతురు రాసినట్టే అక్షరాలు పక్కకి వాల్చి ‘తిరిల్’ అని రాసేది.

టోర్గేర్ రొప్పుతూ వచ్చి ఆ పేరు మీద వేలు పెట్టి చూసేవాడు.

“మళ్ళీ దిగిపోయిందా?”

“అటువైపు నుంచి. నీకోసం చూసి చూసి పోయిందయ్యా. నీ నడక అలా ఉంది మరి.”

“రేపు చూడు దాని సంగతి!”

ఇద్దరూ గుడిసె గోడకి ఆనుకుని, రొట్టె మీద మేకపాల చీజు వేసుకుని తినేవాళ్ళు. రాగ్ని అతని సంచిలో రోజూ రెండు నారింజలు పెట్టేది. పైకి వచ్చేసరికి ఒకటే ఉండేది.

“రెండోదేదయ్యా?”

“రెండోదా? రెండు పెట్టావా?”

ఆమె మొహం తిప్పుకునేది. మతి ఇంకా పోతోందనుకునేది.

జనవరిలో కొట్టు యజమాని ఓద్వార్ పలకరించాడు. పుస్తకంలో పేర్లు లెక్కపెట్టేది అతనే. తిరిల్ పేరు చూసీ ఎవరినీ ఏమీ అడగలేదు.

“మీ ఆయన్ని చూస్తే నా మోకాళ్ళకి సిగ్గేస్తోంది రాగ్నీ.”

“సిగ్గుపడాల్సింది నీ పొట్ట ఓద్వార్, మోకాళ్ళు కాదు.”

కొట్టులో అందరూ నవ్వారు. ఆమె నోట అలాంటి మాట విని ఏడాది కావస్తోంది. చిక్కిపోయి, వదులైన ప్యాంటుకి బెల్టులా కట్టుకున్న తాడు కూడా ఆ నెలలోనే తీసేసింది.

ఫిబ్రవరిలో ఒకరోజు గాలివాన లాంటి మంచు. “ఈరోజు వద్దయ్యా,” అంది రాగ్ని.

“పిల్ల ఒక్కతే పైనుంటే నువ్వు ఇంట్లో కూర్చుంటావా?” అన్నాడు టోర్గేర్.

ఆమె వెళ్ళింది. మోకాలిలోతు మంచు. గుడిసె దగ్గర పెన్సిలు పట్టుకుంటే వేళ్ళు వంగలేదు. గాలికి ఎదురు నిలబడి, గొంతు చిరిగేలా “తిరిల్!” అని అరిచింది. మార్చిలో రాని ఏడుపు ఆరోజు వచ్చింది.

టోర్గేర్ వచ్చేసరికి ఆమె మంచులో కూలబడి ఉంది. ఎందుకేడుస్తున్నావని అడగలేదు. పక్కన కూర్చుని నారింజ ఒలిచి, తొన తొన ఆమె నోట్లో పెట్టాడు.

ఈస్టర్ ముందు శనివారం వంద పూర్తయింది. ఓద్వార్ కప్పు తెచ్చి బల్ల మీద పెట్టాడు. దాని మీద తిరిల్ పేరుంది. చేతిలో టోపీ నలుపుకుంటూ నిలబడి వెళ్ళిపోయాడు.

ఇక అడగడేమో అనుకుంది రాగ్ని. మర్నాడు పొద్దున్న రెండు రొట్టెముక్కలు తిని, మూడోది కోస్తోంది.

“తిరిల్ వెళ్ళిపోయిందా?”

“వెళ్ళిందయ్యా,” అంటూ ఆమె అప్పటికే చేతితొడుగులు వెతుకుతోంది. అతని సంచిలో రెండు నారింజలు పడేసి బయలుదేరింది.

ఆమె ఏటి వంపు దాటేదాకా టోర్గేర్ కిటికీలోంచి చూశాడు. తర్వాత సంచి తగిలించుకుని చర్చి వెనక్కి వెళ్ళాడు. ఒక సమాధి రాయి మీది మంచు తుడిచాడు. పక్షులు వదిలేసిన నిన్నటి తొక్కలు ఏరి, ఆ చోటే కొత్త నారింజ పెట్టాడు.

“మీ అమ్మ ఈ చలికాలం దాటేసిందే తల్లీ,” అన్నాడు, “నువ్వు పోయిన సంగతి ఇంకొన్నాళ్ళు నాకు గుర్తులేనట్టే ఉంటాను, ఏమీ అనుకోకు.”