గోడకు పారాణి

స్నానాల గదుల్లో గోడల అంచులకు బూజును తినే ప్రాణమున్న పట్టీలు వేసుకునే రోజులవి. పట్టీ పచ్చబడిందంటే దానికి జబ్బు చేసినట్టే. ఇల్లు ఆ గదికి నెలపాటు తాళం వేసేస్తుంది.

పెళ్లినాటి పొద్దున కూతురికి నలుగు పెడుతున్న త్రివేణి, పట్టీ పచ్చగా ఉండటం చూసి నీరుగారిపోయింది.

"తలుపు మూసేస్తున్నాను, బయటికి రండి," అంది ఇల్లు. పిల్ల ఒంటినిండా పిండే.

తాంబూలం నములుతూ వచ్చిన అత్తగారు ఆదెమ్మ, వేలికున్న సున్నం పట్టీకి రాసింది. అది ఎర్రబడింది.

"జబ్బు కాదే, నలుగులో పసుపు. సున్నం తగిలితే పసుపే ఎర్రబడుద్ది."

ఇల్లు ఆ ఎర్ర మరకను పరీక్షించి చూసింది. "సరేనండి, కానివ్వండి," అంది.

త్రివేణి ఊపిరి పీల్చుకుని చెంబు అందుకుంది.

పెళ్లికూతురు గోడవంక చూసి నవ్వింది. "నాకన్నా ముందు దీనికి పెట్టేశావేంటి నాయనమ్మా, పారాణి."