కోసేసిన నిమిషాలు

టీవీలో కారు రేసులకు కామెంటరీ చెప్పడం మానేసి సదానందానికి ఆరేళ్లయింది. అయినా ఆదివారం వచ్చిందంటే, రేసు చూసే ప్రతి ఇంట్లోనూ అతని గొంతే మోగుతుంది. అతని ముప్పై ఏళ్ల రికార్డింగులు విని నేర్చుకున్న యంత్రం అచ్చం అతనిలాగే చెబుతుంది.

ఆ మధ్యాహ్నం భార్య విమలతో కలిసి చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అతను రేసు చూస్తున్నాడు. మలుపులో ఒక కారు గోడకు కొట్టుకుని మూడు పల్టీలు కొట్టింది. టీవీలో గొంతు ఆగలేదు. ఇప్పుడు ముందున్నదెవరో హుషారుగా చెప్పుకుపోతోంది.

"గిట్లయినప్పుడు డ్రైవరు బాగనే ఉన్ననని చెయ్యి లేపేదాకా మీరు నోరు తెరవకపోదురు గదా," అంది విమల.

సదానందం చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"రికార్డింగులు ఇచ్చే ముందు మాట లేని ఆ ఖాళీలన్నీ నేనే కోసేయించిన," అన్నాడు. "వాటితో ఏం పని అనుకున్న."

లేచి టీవీ శబ్దం తీసేశాడు. తెర మీద ఆ చెయ్యి లేస్తుందేమోనని ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. పక్క ఫ్లాటులోంచీ, పై ఫ్లాటులోంచీ అతని గొంతు మాత్రం నవ్వుతూ మాట్లాడుతూనే ఉంది.